లారీ పీల్చు గాలిని తూచు తీగె

మోటారు ఇంజనునకు ఆహారమేమని మన పాఠశాలలోని యే బాలునడిగినను, డీజిలనియో పెట్రోలనియో తడుముకొనక చెప్పును. అది సగము జవాబే. ఒక కిలో పెట్రోలు పూర్తిగా కాలుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. డీజిలునకును ఇంచుమించుగా ఇదే లెక్క. అయితే డీజిలు ఇంజను లెక్కకు సరిపోవు గాలితో తృప్తి నొందక ఇంకను ఎక్కువ కోరును. దొరకనియెడల నల్లని పొగ విడుచును. 50 లీటర్ల డీజిలు సుమారు 42 కిలోలు తూగును. అది కాలుటకు వలయు గాలి 600 కిలోలకు పైబడును. అనగా 75 కిలోల ధాన్యపు బస్తాలు ఎనిమిదింటి బరువు. కంటికి కనబడనంత మాత్రమున గాలి తేలిక యని తలంపరాదు.

ఇంత సరకు లోపలికి పోవుచుండగా వాకిట నిలిచి లెక్క వ్రాయు గుమాస్తా యొకడుండవలెను గదా. ఆ గుమాస్తాయే ఎయిర్ ఫ్లో సెన్సరు. గాలి ఫిల్టరు పెట్టెను దాటిన వెంటనే, లావుపాటి గొట్టములో, చూచుటకు అల్పమైన ప్లాస్టికు ముక్కవలె ఇది అమర్చబడియుండును. ఇది వ్రాసి పంపిన లెక్కను నమ్మియే ఇంజను కంప్యూటరు ఎంత డీజిలు చిమ్మవలెనో నిర్ణయించుకొనును. భారత్ స్టేజి 4 నిబంధనలు 2017 ఏప్రిలు 1వ తేదినుండి దేశమంతటను, భారత్ స్టేజి 6 నిబంధనలు 2020 ఏప్రిలు 1వ తేదినుండియు అమలులోనికి వచ్చిన పిమ్మట, చిన్న సరకుల బండ్లలో సైతము ఈ గుమాస్తా సాధారణమైపోయెను.

ఈ యేడు మన వసతిగృహపు లారీకి దీనివలన కలిగిన చిక్కును, దానిని పరీక్షించి సరిచేసిన క్రమమును ఇందు వివరింప దలచితిమి. పై తరగతుల విద్యార్థులు భౌతికశాస్త్రములో వల్లించు సంగతులే యిందు ప్రత్యక్షముగా కనబడును. మరియు లారీలు, పికప్పు బండ్లు నడుపుకొని జీవించు తలిదండ్రులు మనలో పెక్కురు గలరు గనుక వారికిని కొంత ఉపయోగపడునని తలంచుచున్నాము.

మొదట అది గాలిని ఎట్లు తూచునో చూతము. కుంచముతో కొలుచుట వేరు, త్రాసుతో తూచుట వేరు. సముద్రమట్టమున 20 డిగ్రీల చల్లదనములో ఒక లీటరు గాలి 1.20 గ్రాములు తూగును. మన వేసవిలో 45 డిగ్రీల యెండలో అదే లీటరు 1.11 గ్రాములే తూగును. కుంచపు లెక్కతో డీజిలు పోసినచో వేసవిలో ఎక్కువయు శీతకాలమున తక్కువయు అగును. కావున గాలి పరిమాణమును గాక తూకమునే కనుగొనవలెను.

వేడి గంజిని పిల్లలు ఊదుకొని త్రాగుదురు. గట్టిగా ఊదిన త్వరగా చల్లారును, మెల్లగా ఊదిన ఆలస్యమగును. సెన్సరులోని రహస్యమంతయు ఇంతే. తలవెండ్రుక వంటి సన్నని ప్లాటినము తీగెను గాలి త్రోవలో నిలిపి, లోనికి వచ్చు గాలికంటె సుమారు 100 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండునట్లు విద్యుత్తు పంపుదురు. గాలి తగిలి తీగె చల్లారబోవును. చల్లారనీయక ఉంచుటకు ఎంత అదనపు విద్యుత్తు అవసరమాయెనో అదియే గాలి లెక్క. మాంట్రియలు నగరపు మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున పనిచేసిన లూయీ వెస్సో కింగ్ అను పండితుడు 1914లో ఈ వేడి తరుగుదలకు సూత్రము ప్రకటించెను. గాలివేగము నాలుగింతలైనప్పుడు, గాలి వలన హరించు వేడి రెండింతలగును గాని నాలుగింతలు కాదు. అనగా అది వేగము యొక్క వర్గమూలమును అనుసరించి పెరుగును. నిశ్చలమైన గాలిలో సైతము కొంత వేడి పోవుచునే యుండును గనుక దానిని విడిగా కలుపుకొనవలెను.

తీగె చల్లారినదని యంత్రమునకు తెలియుటెట్లు? ఇంటర్మీడియెటు చదువు మన పూర్వవిద్యార్థులు మీటరు బ్రిడ్జి పరీక్షను జ్ఞాపకము తెచ్చుకొందురు గాక. శామ్యూల్ హంటర్ క్రిస్టీ 1833లో కల్పించి, చార్లెస్ వీట్‌స్టన్ 1843లో వ్యాప్తికి తెచ్చిన ఆ నాలుగు చేతుల త్రాసే ఇక్కడను కలదు. ఒక చేతిలో వేడి తీగె, మరియొక చేతిలో గాలి వేడిమిని తెలుపు నిరోధకము ఉండును. తీగె చల్లబడగానే దాని నిరోధము తగ్గును, త్రాసు ఒరగును. వెంటనే విద్యుత్తు హెచ్చి త్రాసు సరియగును. బాష్ కంపెనీవారు 1981లో ఇట్టి తీగెను పెట్రోలు కార్ల ఇంజనులకు అమర్చిరి. ఆ పాతకాలపు తీగెపై దుమ్ము పట్టకుండుటకు, ఇంజను ఆపినప్పుడెల్ల ఒక క్షణము దానిని సుమారు 1000 డిగ్రీలకు ఎఱ్ఱగా కాల్చి శుద్ధిచేయు ఏర్పాటుండెను. ఇప్పటి వానిలో తీగెకు బదులు పలుచని పొర వాడుచున్నారు. పేరు మారినను ఊదుట, చల్లారుట అను సంగతి మారలేదు. మేమును తీగె యనియే వ్రాసెదము.

ఇక మన లారీ సంగతి. కోత పండుగ కానుకలుగా గ్రామ సంఘములు ఇచ్చిన ధాన్యమును, నంద్యాలలో కొన్న బియ్యమును వసతిగృహమునకు చేర్చునది ఈ బండియే. నంద్యాల నుండి గిద్దలూరునకు వచ్చు నల్లమల కనుమదారిలో, ఇదివరకు మూడవ గేరులో ఎక్కుచుండిన చోట్ల రెండవ గేరుతోను మూలుగ నారంభించెను. డాష్‌బోర్డుపై ఇంజను దీపము వెలిగెను. డ్రైవరుగారు చెప్పినది ముఖ్యమైన సాక్ష్యము గనుక ఆయన మాటలలోనే వ్రాయుచున్నాము: "మాస్టరుగారూ, బండి లాగడం లేదండి. పొగ మాత్రం రావడం లేదు."

పట్టణములోని ఒక షెడ్డులో స్కానరు తగిలించగా పి-0101 అను సంఖ్య కనబడెను. "ఎయిర్ ఫ్లో సెన్సరు పోయినది, క్రొత్తది వేయవలె, అప్పటికిని లాగనిచో టర్బో విప్పవలె" నని వారు తీర్పు చెప్పిరి. సెన్సరు వేల రూపాయల వస్తువు. టర్బో దానికి అనేక రెట్లు. వసతిగృహమున కూరల లెక్క చూచువారికి ఆ మొత్తమెంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఈ సంఖ్య యొక్క అర్థము చాలమంది మేస్త్రీలు పొరబడు తావు గనుక ఇక్కడ కొంచెము నిలిచెదము. పి-0102 అనిన సెన్సరు పంపు సంకేతము మితిమీరి తగ్గినదనియు, పి-0103 అనిన మితిమీరి హెచ్చినదనియు అర్థము. ఇవి తరచుగా తెగిన తీగెల వలనను, ఒకదానికొకటి తగులుకొనిన తీగెల వలనను వచ్చును. పి-0101 అట్టిది కాదు. గుమాస్తా చెప్పిన లెక్క, ఇంజను వేగము మున్నగు ఇతర సాక్ష్యములతో పొసగుట లేదని మాత్రమే దాని భావము. గుమాస్తా తప్పు వ్రాసెనా, లేక దొడ్డిదారిని సరకు పోయెనా యనునది ఆ సంఖ్య చెప్పదు. సంఖ్య చూచి సెన్సరు మార్చుట, జ్వరము చూచి థర్మామీటరు మార్చుట వంటిది.

దొడ్డిదారులు రెండు విధములు. సెన్సరునకును టర్బోకును నడుమనున్న గొట్టము చిరిగినచో, తూకము కాని గాలి ఆ చిరుగు గుండ లోనికి పోవును. లెక్క తక్కువగా కనబడును. కంప్యూటరు డీజిలు తగ్గించును. బండి లాగదు, పొగయు నుండదు. పైగా ఆ చిరుగు గుండ దుమ్ము నేరుగా టర్బోలోనికి పోవును. ఇది గొప్ప ప్రమాదము. టర్బో దాటిన పిమ్మట గొట్టము విడినచో సంగతి తలక్రిందులు: తూచిన గాలి మార్గమధ్యమున బయటికి పోవును, లెక్కలో గాలి యున్నది, ఇంజనులో లేదు, డీజిలు ఎక్కువై నల్లని పొగ క్రమ్మును, బుస్సుమను చప్పుడును వినబడును. సెన్సరు తానే మురికిపట్టినచో ఏమగును? దుమ్ము దుప్పటివలె కప్పుటచేత తీగె చల్లారుట తగ్గి, తరచుగా లెక్క తక్కువ పలుకును. అప్పుడును పొగ యుండదు. డ్రైవరుగారి రెండవ మాట ఎంత విలువైనదో ఇప్పుడు తేటపడును. పొగ లేదు గనుక టర్బో తరువాతి గొట్టమును చాలవరకు విడిచిపెట్టవచ్చును. మిగిలినవి రెండే: టర్బోకు ముందరి చిరుగు, లేక సెన్సరు మురికి.

మేమును, డ్రైవరుగారును, రిటైరైన ఒక పెద్ద మేస్త్రీగారును కలిసి ఒక శనివారము పరీక్షకు పూనుకొంటిమి. పదవ తరగతి బాలురు కొందరు కాగితము, పెన్సిలు పట్టుకొని కూడ నుండిరి. బండి ముట్టకముందే వారిచేత ఒక లెక్క చేయించితిమి. ఇంజను పరిమాణము 2.5 లీటర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకమారు నిండుగా గాలి పీల్చును. ఊరకుండునప్పుడు నిమిషమునకు 800 చుట్లు తిరిగిన, 400 మార్లు 2.5 లీటర్లు, అనగా 1000 లీటర్లు. ఆనాటి 35 డిగ్రీల వేడిలో లీటరు సుమారు 1.15 గ్రాములు, కావున నిమిషమునకు 1150 గ్రాములు, సెకనుకు సుమారు 19. సిలిండర్లు నూటికి నూరు పాళ్లు నిండవు; ఎనుబది, తొంబది పాళ్లు నిండునని పట్టినచో సెకనుకు 15 మొదలు 17 గ్రాములు రావలెను. ఒక ఎచ్చరిక: పొగను మరల లోనికి పంపు ఈజీఆర్ వాల్వు తెరచియున్నచో క్రొత్త గాలి తగ్గును గనుక, స్కానరు ద్వారా దానిని మూసియుంచి చూడవలెను. పెట్రోలు ఇంజనులకు ఈ లెక్క పనికిరాదు. వానిలో థ్రాటిలు గాలిని అడ్డగించుటచేత ఊరకుండునప్పుడు చాల తక్కువ పీల్చును.

స్కానరులో మా లారీ చూపినది 9 గ్రాములు. బాలుర కాగితమునకును గుమాస్తా పద్దునకును ఇంచుమించు సగము తేడా!

తరువాత గొట్టము. క్లాంపులు వదులుచేసి, గొట్టమును చేతితో వంచి, మడతల సందులలో దీపము వేసి చూచితిమి. చిరుగు లేదు. ఈ పరీక్షను పై పైన చేయరాదు. రబ్బరు మడత అడుగున నుండు చీలిక, వంచినప్పుడు గాని నోరు తెరవదు. పిదప కనెక్టరు ఊడదీసి, తాళము త్రిప్పి, మల్టీమీటరుతో చూడగా బ్యాటరీ వోల్టేజి సరిగా వచ్చుచుండెను. ఎర్తు తీగెయు బాగుండెను. ఏ పిన్ను దేనికో బండినిబట్టి మారును గనుక ఆ బండి పటము లేక ఊహించి కొలుచుట తగదు. ఆ మీదట కనెక్టరును ఊడదీసియే ఉంచి బండిని కొంచెము దూరము నడిపించితిమి. గుమాస్తా మాట లేనప్పుడు కంప్యూటరు తన వద్దనున్న అంచనా లెక్కతో పని జరుపుకొనును. బండి మునుపటికంటె చురుకుగా లాగెను! సెన్సరు ఉన్నదానికంటె లేకుండుటయే మేలాయెననిన, తప్పు వ్రాయుచున్నది గుమాస్తాయే యని చాలవరకు రుజువైనది.

సెన్సరును విప్పిచూడగా పొరమీద బూడిదరంగు నూగు పట్టియుండెను. అట్లు పట్టుటకు కారణమును కనుగొనక తుడిచి వదలినచో నెలదినములలో మరల ఇదే కథ. ఫిల్టరును బయటికి తీసి లోపల బల్బు పెట్టి చూచితిమి. కాగితపు మడతల ప్రక్కన వ్రేలి గోరంత చిరుగునుండి వెలుతురు సూటిగా వచ్చెను. పంచరు దుకాణములలో ఫిల్టరునకు కంప్రెసరు గాలి దగ్గరగా పెట్టి కొట్టించుట మన ప్రాంతమున గట్టి అలవాటు. దుమ్ము పోయినదని సంతోషింతురు. కాగితము చినిగినది కనబడదు. కోతకాలపు కళ్లాలలో తిరుగు బండికి ఆ చిరుగు చాలును.

శుద్ధిచేయుటలో మిక్కిలి జాగ్రత్త వలయును. ఇంజను చల్లారిన పిమ్మట, ఈ సెన్సరుకొరకే అమ్ము స్ప్రేను కొంత దూరమునుండి పది పదునైదు మార్లు చిమ్మితిమి. కార్బురేటరు క్లీనరు, బ్రేకు క్లీనరు వాడరాదు. అవి పొరను, ప్లాస్టికును చెరుపవచ్చును. దూదితో గాని వ్రేలితో గాని తాకరాదు; కంప్రెసరు గాలి కొట్టరాదు. స్ప్రే పూర్తిగా ఆరువరకు అరగంటకు పైగా ఆగి, బాణపు గుర్తు ఇంజను వైపునకు ఉండునట్లు అమర్చి, రబ్బరు రింగు సరిగా కూర్చున్నదా యని చూచి, క్రొత్త ఫిల్టరు వేయించితిమి. స్ప్రే, ఫిల్టరు రెండింటికిని అయిన ఖర్చు క్రొత్త సెన్సరు వెలలో చిన్న భాగమే. పొర కాలిపోయిన సెన్సరునకు ఈ స్నానము పనిచేయదు. శుద్ధిచేసిన పిమ్మటను లెక్క పెరుగనియెడల క్రొత్తది కొనక తప్పదు.

స్కానరు మరల తగిలించి పాత సంఖ్యను చెరిపి, ఇంజను వేడెక్కనిచ్చి, ఈజీఆర్ మూసి చూడగా 15.6 గ్రాములు చూపెను. మరుసటి వారము బియ్యపు బస్తాలతో కనుమ ఎక్కునప్పుడు డ్రైవరుగారు మూడవ గేరు మార్చలేదట. దీపమును మరల వెలుగలేదు. వార్డెనుగారు లారీ పుస్తకములో డీజిలు పద్దు ప్రక్కన క్రొత్తగా ఒక గడి గీయించిరి. ప్రతి నెల మొదటి శనివారమున పదవ తరగతి బాలురు ఊరకుండునప్పటి గాలి తూకమును అందులో వ్రాయుదురు. ఫిల్టరును బల్బు పెట్టి చూచినట్లు డ్రైవరుగారు దానిక్రింద సంతకము చేయుదురు.