ఇంటికొచ్చాక ఆక్సిజన్ ఎవరి ఖర్చు?

డిశ్చార్జి కాగితం చివర డాక్టరు గారు ఒక ముక్క రాస్తారు: ఇంటి దగ్గర నిమిషానికి 2 లీటర్ల చొప్పున, రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్. అప్పటిదాకా అమలాపురంలోనో కాకినాడలోనో మంచం, మందులు, అవసరమైతే వెంటిలేటరు, అన్నీ కార్డు మీదే నడిచాయి. పథకం పేరు ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అయినా కోనసీమలో జనం నోట ఇంకా ఆరోగ్యశ్రీయే. "ఇంటికాడ పెట్టుకునే మిషను కూడా కార్డు మీద ఇస్తారాండి?" అని రోగి కొడుకు అడుగుతాడు. రాదంటారు ఆస్పత్రిలో పథకం పని చూసే వైద్యమిత్ర. రాజోలుకో కొత్తపేటకో తిరిగి వెళ్లే దారిలో ఆ కుటుంబం అప్పు ఎవరినడగాలో ఆలోచించుకోవడం మొదలుపెడుతుంది.

రాకపోవడానికి కారణం పథకం కట్టుబడిలోనే ఉంది. 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పుడు, పేదవాడు తన జన్మలో చేయించుకోలేని పెద్ద ఆపరేషన్లను దృష్టిలో పెట్టుకున్నారు. ప్రతి చికిత్సకూ ఒక కోడు, ఒక ప్యాకేజీ రేటు. రోగి చేరాలి, చికిత్స జరగాలి, డిశ్చార్జి కావాలి, అప్పుడు ఆస్పత్రికి డబ్బు చేరుతుంది. ఆ జాబితా పెరిగి పెరిగి 3,257 చికిత్సలకు చేరింది. 2023 డిసెంబరులో పరిమితిని 25 లక్షల రూపాయలకు పెంచారు. అయినా లెక్కంతా ఆస్పత్రి మంచం చుట్టూనే తిరుగుతుంది. కేంద్రం తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌ది కూడా ఇదే పద్ధతి. డిశ్చార్జి తర్వాత 15 రోజుల వరకే అది ఖర్చు భరిస్తుంది. ఊపిరితిత్తులు దెబ్బతిన్న మనిషికి ఆక్సిజన్ కావలసింది బతికినన్నాళ్లూ. 25 లక్షల కార్డులో నలభై యాభై వేల రూపాయల మిషనుకు చోటు లేకపోయింది.

ఈ మిషను ఎవరికి కావాలో ముందు తెలుసుకోవాలి, ఎందుకంటే ఆయాసం వచ్చిన ప్రతివారికీ అది అక్కర్లేదు. పొయ్యిలో కొబ్బరి మట్టలు, డొక్కలు పెట్టి ఏళ్ల తరబడి ఆ పొగ పీల్చిన ఆడవాళ్లు, చుట్ట బీడీ అలవాటున్న మగవాళ్లు, పీచు దుమ్ములో పనిచేసినవాళ్లు, టీబీ తగ్గినా ఊపిరితిత్తుల్లో మచ్చలు మిగిలినవాళ్లు ముదిమిలో ఈ దశకు రావచ్చు. వీరిలో ఎవరికి ఇంటి ఆక్సిజన్ రాయాలో తేల్చేది ధమని రక్తంతో చేసే ఏబీజీ పరీక్ష. జబ్బు నిలకడగా ఉన్న రోజుల్లో ఆక్సిజన్ పీడనం 55 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే, అంటే వేలికి పెట్టే ఆక్సీమీటరులో దాదాపు 88 గానీ ఆ లోపు గానీ చూపిస్తుంటే, రోజుకు 15 గంటలకు తగ్గకుండా ఇచ్చిన ఆక్సిజన్ ఆయుష్షు పెంచుతుంది. ఈ సంగతి 1980లో అమెరికాలో, 1981లో బ్రిటన్‌లో జరిగిన పరిశోధనల్లో రుజువైంది. అంతకంటే మెరుగ్గా ఉన్నవారికి దానివల్ల అలాంటి లాభమేమీ కనబడలేదని 2016లో వచ్చిన మరో పెద్ద అధ్యయనం చెప్పింది. 'ఇంటికిస్తే అందరూ అడుగుతారు' అన్న భయానికి జవాబు ఇక్కడే ఉంది. అడ్డుగీత ఎక్కడ గీయాలో వైద్యశాస్త్రం ఎప్పుడో చెప్పింది. జబ్బు ముదిరి ఆస్పత్రిలో ఉన్నప్పుడు రాసిన ఆక్సిజన్ రెండు మూడు నెలల తర్వాత కొందరికి అవసరమే ఉండదు కూడా; మళ్లీ పరీక్షించి తీసేయవచ్చు.

ఇక ఖర్చు. నిమిషానికి 2 లీటర్లు, 15 గంటలంటే రోజుకు 1,800 లీటర్లు. చిన్న సిలిండరులో పట్టేది 1,500 లీటర్లు, ఒక్క రోజుకే చాలదు. జంబో సిలిండరు ఏడు వేల లీటర్లది, నాలుగు రోజులు నిండకుండానే ఖాళీ. లంక గ్రామమైతే పడవ దాటించి, గట్టెక్కించి మోసుకురావాలి. అందుకే కాన్సెంట్రేటరు మేలు. అది గదిలోని గాలినే లోపలికి లాక్కుని, జియోలైట్ గుళికల్లో నత్రజనిని ఆపేసి, 93 శాతం దాకా ఆక్సిజన్ వదులుతుంది. పక్కనున్న నీళ్ల సీసాలో బుడగలు లేస్తుంటాయి, పొడవాటి గొట్టం వేస్తే మనిషి అరుగు మీదికి వచ్చి కూర్చోవచ్చు. వెనకవైపు ఫిల్టరు తీసి చూస్తే వారం తిరిగేసరికి దుమ్ము పట్టి ఉంటుంది. పీచు ఆడే ఊళ్లలో అయితే ఇంకా ముందే. కడిగి ఆరబెట్టకపోతే మిషను తిరుగుతూనే ఉంటుంది, వచ్చే ఆక్సిజన్ మాత్రం పలచబడుతుంది.

మిషను కొన్నాక మొదలయ్యే ఖర్చు కరెంటుది. 5 లీటర్ల మిషను దాదాపు 350 వాట్లు లాగుతుంది. 15 గంటల చొప్పున నెలకు 157 యూనిట్లు. మామూలుగా 80 యూనిట్లు కాలే ఇల్లు 237కి చేరుతుంది. మన శ్లాబుల ప్రకారం వాడకం చార్జీలే 215 రూపాయల నుంచి 1,120 రూపాయలు దాటుతాయి. సర్దుబాటు చార్జీలు వేరే.

నన్ను ఎక్కువగా కలతపెట్టేది మాత్రం మరొకటి. బియ్యం కార్డుకూ పింఛనుకూ అర్హత తేల్చడానికి రాష్ట్రంలో పెట్టుకున్న ఆరంచెల పరిశీలనలో నెలకు 300 యూనిట్ల కరెంటు ఒక హద్దు. 24 గంటలూ ఆక్సిజన్ కావలసిన మనిషి ఉన్న ఇంట్లో ఆ మిషనుకే 252 యూనిట్లు పోతాయి. లైటూ ఫ్యానూ కలిపితే ఇల్లు హద్దు దాటేస్తుంది. ఊపిరి కోసం కాల్చిన కరెంటును కలిగినింటి గుర్తుగా లెక్కేయడం అన్యాయం.

జీవితాంతం సాగే వైద్యాన్ని భరించడం ప్రభుత్వానికి చేతకాని పని కాదు. కిడ్నీలు పోయినవారికి డయాలసిస్ కార్డు మీదే జరుగుతోంది. పైగా 2024 జూలై నుంచి ఎన్టీఆర్ భరోసాలో నెలకు 10 వేల పింఛను ఇస్తున్నారు. అది చాలా మంచి పని. ఊపిరితిత్తులు పోయినవారికి మాత్రం ఆ జాబితాలో వరుస లేదు. 2016 వికలాంగుల చట్టంలోని 21 రకాల్లోనూ వారి జబ్బు లేదు కాబట్టి సదరం వైకల్య సర్టిఫికెట్టు దారి కూడా మూసుకుపోయింది. అదే మనిషి కేంద్ర ప్రభుత్వ పింఛనుదారు అయితే సీజీహెచ్‌ఎస్‌లో, మాజీ సైనికుడైతే ఈసీహెచ్‌ఎస్‌లో, నిపుణుడి సిఫారసు మీద కాన్సెంట్రేటరుకు అనుమతి వస్తుంది. ఒకే వీధిలో ఒకే జబ్బున్న ఇద్దరిలో ఒకరికి వచ్చి ఒకరికి రాకపోవడానికి వైద్యపరమైన కారణం ఒక్కటీ లేదు.

బయటి దేశాల్లో ఇది పాత ముచ్చట. జపాన్ 1985లోనే ఇంటి ఆక్సిజన్‌ను ఆరోగ్య బీమాలో చేర్చింది. బ్రిటన్‌లో మిషను ఉచితం, అది కాల్చిన కరెంటు డబ్బు కూడా తిరిగిస్తారు. అమెరికా మెడికేర్ 36 నెలలు అద్దె కడుతుంది, ఐదేళ్లు నిండేదాకా మిషను బాగోగులు సరఫరా చేసినవాడివే. మనకు నప్పేది ఈ అద్దె పద్ధతే అని నా అభిప్రాయం. మిషను చేతిలో పెట్టి పంపేస్తే ఫిల్టరు మూసుకుపోయిన రోజు అడిగే దిక్కుండదు. నెలకింత అని ప్యాకేజీ పెడితే మరమ్మతు, ఆర్నెల్లకోసారి పరీక్ష, కరెంటు పోయినప్పుడు వాడుకునే సిలిండరు అన్నీ అందులోనే అడగవచ్చు. మొంథా తుపాను తీరం దాటిన 2025 అక్టోబరు 28 లాంటి రాత్రుల్లో ఈ తీరంలో ఆ సిలిండరే ప్రాణం.

అడగవలసిన సమయం ఇదే. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త ఆరోగ్య విధానానికి ఆమోదం తెలిపింది. రెండున్నర లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు వైద్యసేవ ట్రస్టు భరిస్తాయి. బీమా కంపెనీ జాబితాలో ఉన్నదానికే డబ్బిస్తుంది. ఇంటి ఆక్సిజన్ ఆ జాబితాలోకి ఎక్కకపోతే తర్వాత ఎక్కించడం మరింత కష్టం.

అందాకా రోగి ఇంటివాళ్లు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. డిశ్చార్జికి ముందే ఏబీజీ రిపోర్టు కాపీ, ఎన్ని లీటర్లు ఎన్ని గంటలో స్పష్టంగా రాసిన చీటీ అడిగి తీసుకోవాలి. ఆయాసం ఎక్కువైందని సొంతంగా లీటర్లు పెంచకూడదు; పొగ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న రోగికి ఆక్సీమీటరు మీద 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు, అతిగా ఇస్తే ఒంట్లో బొగ్గుపులుసు వాయువు పేరుకుని మగత కమ్మేస్తుంది. గొట్టం దగ్గర చుట్ట, దీపం, పొయ్యి ఉండకూడదు. సోమవారం అమలాపురం కలెక్టరేటులో జరిగే గ్రీవెన్స్‌కు ఆ రిపోర్టు, చీటీ, కరెంటు బిల్లులు జతచేసి అర్జీ పెట్టుకోవాలి. 2021లో కోవిడ్ కోసం ప్రభుత్వాస్పత్రులకు వచ్చిన కాన్సెంట్రేటర్లలో వాడకంలో లేనిది ఉంటే అరువు ఇప్పించమని అందులో అడగవచ్చు. మిషను కాల్చే యూనిట్లను ఆ 300 లెక్కలోంచి తీసేయమని కూడా అదే కాగితం మీద రాయాలి. మిషను ఆరోగ్యశాఖ పని, యూనిట్లు వేరే శాఖల పని. కలెక్టరు ముందు పెడితే అందరికీ ఒకేసారి అడ్రసు చేసినట్టవుతుంది.