వేళ్ల కణుపుల వాపు ఎలర్జీ పనేనా?

తుమ్ములు, దద్దుర్లు, ఉబ్బసం ఉన్నవాళ్లకు వేళ్ల కణుపులు వాస్తే నింద ముందుగా ఎలర్జీ మీదికే పోతుంది. నిన్న రొయ్యలు తిన్నాను, అందుకే. మొన్న ఇల్లు దులిపాను, ఆ దుమ్ము పడలేదు. ఉంగరం తిరగడం లేదంటే ఒంటికి సరిపడనిదేదో లోపలికి పోయిందని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు. ఆ అనుమానం పూర్తిగా తప్పు కాదు. ఎలర్జీ నిజంగానే కీళ్లలోకి చేరగలదు. కాని అది చేరే దారి, అందుకు పట్టే కాలం మనం అనుకునేవి కావు. అందుకే కణుపులు వాచినవాళ్లను ఏం తిన్నారని అడిగేముందు, వాపు ఎప్పుడు మొదలైంది, ఎంతకాలంగా ఉంది అని అడగాలి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

ఎలర్జీ శాస్త్రానికి పునాది పడిందే కీళ్లు వాచిన పిల్లల మంచాల పక్కన. 20వ శతాబ్దం మొదట్లో కంఠసర్పి (డిఫ్తీరియా) పసివాళ్లను పొట్టన పెట్టుకునేది. గుర్రాలకు ఆ జబ్బు విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తం నుంచి తీసిన సీరాన్ని విరుగుడుగా ఇచ్చేవారు. ప్రాణాలు దక్కేవి. అయితే వారం పది రోజులు గడిచాక కొందరు పిల్లలకు జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, మెడలోనూ చంకల్లోనూ బిళ్లలు, కీళ్ల నొప్పులు, వాపులు వచ్చేవి. వియన్నాలో క్లెమెన్స్ ఫాన్ పిర్కే, బేలా షిక్ అనే ఇద్దరు పిల్లల డాక్టర్లు ఈ తంతును ఓపిగ్గా గమనించి, 1905లో సీరం జబ్బు మీద ఒక పుస్తకమే రాశారు. వాళ్లను ఆలోచనలో పడేసింది రోజుల లెక్క. అదే సీరాన్ని కొంతకాలం తర్వాత రెండోసారి ఇస్తే జబ్బు వారం దాకా ఆగడం లేదు. ఒకటి రెండు రోజుల్లో, ఒక్కోసారి గంటల్లోనే వచ్చేస్తోంది. తప్పంతా సీరానిదే అయితే ఈ తేడా ఎందుకు?

మొదటిసారి పట్టే ఆ వారం, శరీరం ఆ పరాయి సీరానికి ఎదురుగా ప్రతిరక్షకాలు తయారుచేసుకునే గడువు అని వాళ్లు వాదించారు. అవి తయారై సీరంతో తలపడినప్పుడే జబ్బు బయటపడుతుంది. రెండోసారి సైన్యం ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి ఆలస్యం ఉండదు. మనల్ని కాపాడవలసిన శక్తే మనకు జబ్బు చేయగలదన్న ఈ మాట అప్పటి వైద్యులకు అంత తేలిగ్గా మింగుడుపడేది కాదు. మరుసటి ఏడాది, 1906లో, ఇలా మారిపోయిన స్పందనకు పిర్కే పెట్టిన పేరే ఎలర్జీ.

కీళ్లే ఎందుకు వాయాలన్నదానికి జవాబు 1950ల్లో అమెరికాలో ఫ్రాంక్ డిక్సన్ కుందేళ్ల మీద చేసిన పరిశోధనలతో స్పష్టపడింది. ప్రతిరక్షకమూ పరాయి ప్రోటీనూ ఒకదాన్నొకటి పట్టుకుని ముద్దలవుతాయి. పెద్ద ముద్దల్ని కాలేయం, ప్లీహం ఏరిపారేస్తాయి. వాటికి చిక్కని చిన్న ముద్దలు రక్తంలో తిరుగుతూ, పంటకాలువలో కొట్టుకొచ్చిన చెత్త తూము దగ్గర పేరుకున్నట్టు, రక్తం వడపోతకు లోనయ్యే చోట్ల పేరుకుంటాయి. మూత్రపిండాలు, చర్మంలోని సన్నని రక్తనాళాలు, కీళ్ల లోపలి పొర అలాంటి చోట్లే. అక్కడ చేరిన ముద్దల్ని తొలగించడానికి తెల్లకణాలు వస్తాయి. ఆ పోరులో కీలు వేడెక్కుతుంది, నీరు చేరుతుంది, వాస్తుంది.

కంఠసర్పి టీకాలు వచ్చాయి కాబట్టి ఇదంతా పాత చరిత్ర అనుకోవద్దు. మన పల్లెల్లో పాము కరిచినవాళ్లకు ఎక్కించే విరుగుడు మందు ఇవాళ్టికీ గుర్రాల రక్తం నుంచే వస్తోంది. కుక్క కరిచినప్పుడు గాయం చుట్టూ వేసే రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్‌లోనూ గుర్రాల నుంచి తీసే రకం ఉంది. పాముకాటుకు చికిత్స చేయించుకుని క్షేమంగా ఇల్లు చేరిన మనిషికి వారం, రెండు వారాల్లో జ్వరం, దద్దుర్లు, కీళ్ల వాపులు వస్తే విషం తిరగబెట్టిందేమోనని ఇంట్లోవాళ్లు హడలిపోతారు. అది విషం కాదు, సీరం జబ్బు కావచ్చు. అదే ఆసుపత్రికి తిరిగి వెళ్లి ఫలానా రోజున విరుగుడు ఎక్కించారని చెబితే చాలు, చాలామందికి కొద్దిపాటి మందులతో నయమవుతుంది. ఈ భయంతో పాముకాటుకు విరుగుడే వద్దనడం మాత్రం ప్రాణాలతో చెలగాటం. కీళ్ల వాపు కొన్నాళ్లకు పోతుంది, విషం అలా వదిలిపెట్టదు.

కొన్ని మాత్రలూ ఇలాంటి జబ్బే తెస్తాయి. పెన్సిలిన్ జాతి మందులు, సెఫాక్లోర్, సల్ఫా మందులు వీటిలో ఎక్కువగా వినిపించే పేర్లు. పిల్లవాడికి గొంతునొప్పి తగ్గిపోయి ఉంటుంది, మందు అయిపోవస్తూ ఉంటుంది లేదా అయిపోయి ఉంటుంది, అప్పుడు దద్దుర్లు పోసి చేతులూ మోకాళ్లూ వాస్తాయి. మందుకూ వాపుకూ మధ్య రోజులు గడవడంతో రెంటికీ సంబంధం ఉందని ఎవరికీ తట్టదు. కీళ్ల వాపుకు నిజమైన ఎలర్జీ కారణం వెతకాలంటే నిన్నటి భోజనం కన్నా గడిచిన రెండు మూడు వారాల మందుల చీటీలను ముందు చూడాలి. కారణమైన మందు ఆపితే వాపు సాధారణంగా రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో పోతుంది. ఆ మందు పేరు రాసిపెట్టుకుని, ఇకమీదట ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందే చెప్పాలి.

మరి రొయ్యలు తిన్న గంటకే వేళ్లు ఉబ్బితే? ఇది వేరే దారి. చర్మం కింద మాస్ట్ కణాలుంటాయి. జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్ 1878లోనే వీటిని వర్ణించాడు. సరిపడని పదార్థం తగిలిన నిమిషాల్లో ఇవి హిస్టమిన్‌ను, మరికొన్ని రసాయనాలను కుమ్మరిస్తాయి. రక్తనాళాల గోడలు వదులై నీరు బయటికి ఊరుతుంది. పెదవులు, కనురెప్పలు, చేతులు ఉబ్బుతాయి. ఉంగరం బిగుసుకుంటుంది. కాని ఇక్కడ వాచింది చర్మం కింది మెత్తని భాగమే, కీలు కాదు. వేలంతా, చాలాసార్లు అరచేతి వెనుక భాగం కూడా, మెత్తగా ఉబ్బుతుంది. వేలు మడిస్తే బిగువుగా ఉంటుంది గాని కీలు లోపల పోటు ఉండదు. ఒకటి నుంచి మూడు రోజుల్లో మచ్చ కూడా మిగలకుండా పోతుంది. సెట్రిజిన్ లాంటి హిస్టమిన్ నిరోధక మాత్రలు పనిచేసేది ఇలాంటి వాపు మీదే. దీనితోపాటు నాలుకో గొంతో వాచినా, ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగినా మాత్ర వేసుకుని ఎదురుచూడకూడదు. అప్పుడు కావలసింది అడ్రినలిన్ ఇంజెక్షన్, అదీ తక్షణమే.

కణుపుల మీది చర్మం మందమై, పగిలి, దురదతో ఎర్రబడి ఉబ్బితే అది స్పర్శ వల్ల వచ్చే ఎలర్జీ. చేల గట్ల మీద వయ్యారిభామ మొక్కలు పీకేవాళ్లకూ, సిమెంటు పనివాళ్లకూ, రోజూ వెల్లుల్లి వలిచేవాళ్లకూ ఇది తెలిసిన బాధే. కీలు బాగానే ఉంటుంది, దాన్ని కప్పిన చర్మం బాగుండదు. దీనికి విరుగుడు ఆ వస్తువు చేతికి తగలకుండా చూసుకోవడం, చర్మానికి పూతమందు.

ఇక వారాల తరబడి ఉండే వాపు. నాకు దిగులు పుట్టించేది ఇదే. పొద్దున లేవగానే వేళ్లు కొయ్యబారి, పిడికిలి బిగించడానికి అరగంటో గంటో పట్టడం, రెండు చేతుల్లోనూ పిడికిలి కణుపులు, వేళ్ల మధ్య కణుపులు మెత్తగా వాచి ఉండటం, కరచాలనం చేస్తే ప్రాణం పోయినంత నొప్పి రావడం, ఇవి ఆరు వారాలు దాటితే రుమటాయిడ్ కీళ్లవాతాన్ని అనుమానించాలి. ఇది ఎలర్జీ కాదు. రోగనిరోధక శక్తి పరాయివాటి మీద కాక సొంత కీళ్ల మీదే తిరగబడటం. రెండూ ఒకే వ్యవస్థ తప్పిదాలు కాబట్టి పోలికలు కనిపిస్తాయి. వీటి మధ్య బంధుత్వాన్ని శాస్త్రవేత్తలూ వెతికారు. మాస్ట్ కణాలు లేని ఎలుకలకు ఒక రకం కీళ్లవాతం పట్టడం లేదని 2002లో అమెరికా పరిశోధకులు ప్రకటించారు. ఎలర్జీ కణమే కీళ్లవాతానికీ మూలమా అని ఆశలు పుట్టాయి. 2011లో మరో పద్ధతిలో మాస్ట్ కణాలను తొలగించిన ఎలుకలకు అదే కీళ్లవాతం మామూలుగానే వచ్చింది. ఆ కథ ఇంకా ముగియలేదు. తుమ్ములకు వేసుకునే మాత్రలతో కీళ్లవాతం నయం కాదన్నది మాత్రం ఖాయం.

వారాల వాపులన్నీ కీళ్లవాతం కానక్కర్లేదు. 2006లో చికున్‌గున్యా మన ఊళ్లను కుదిపేసినప్పుడు జ్వరం పోయాక కూడా నెలల పాటు గ్లాసు పట్టుకోలేకపోయినవాళ్లు ఎందరో. గోటి దగ్గరి కణుపు గట్టిగా బొడిపె కడితే అది సాధారణంగా వయసుతో వచ్చే అరుగుదల. వేలు మొత్తం లావెక్కి, గోళ్ల మీద గుంటలు పడితే సోరియాసిస్ తాలూకు కీళ్లవాతం కావచ్చు. ఒక్క కణుపే ఉన్నట్టుండి ఎర్రబడి, వేడెక్కి, ముట్టుకోనివ్వకపోతే గౌట్ గాని, చీము గాని కావచ్చు. దానికి జ్వరం తోడైతే ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

తిండి సంగతి ఎత్తకుండా ఈ విషయం ముగియదు. వంకాయ, గోంగూర, చింతపండు మానేయమని సలహా ఇవ్వని చుట్టం ఉండడు. తిండి వల్ల కీళ్లు వాయడం అసలే లేదనలేం. పాలు తాగితే కీళ్లు వాచే ఒక మహిళ గురించి 1986లో రిచర్డ్ పానుష్ బృందం రాసింది. పాలు ఇస్తున్నదీ లేనిదీ ఆమెకు తెలియకుండా క్యాప్సూళ్లలో పెట్టి మరీ పరీక్షించారు. అలాంటివాళ్లు చాలా అరుదు. నార్వేలో కెల్సెన్-క్రాగ్ బృందం 1991లో ప్రచురించిన అధ్యయనంలో కొద్ది రోజుల ఉపవాసం, తర్వాత ఏడాది శాకాహారం కొందరు కీళ్లవాత రోగులకు మేలు చేశాయి. కాబట్టి ఒక పదార్థం మీద గట్టి అనుమానం ఉంటే దాన్నొక్కదాన్నే మూడు నాలుగు వారాలు మాని, మళ్లీ తిని చూడవచ్చు. కాని వందల పదార్థాలకు ఐజీజీ పరీక్ష చేసి, పడనివాటి పట్టిక చేతిలో పెట్టే వ్యాపారాన్ని నమ్మకండి. ఐజీజీ అనే ఆ ప్రతిరక్షకం మనం తరచూ తినే ప్రతిదానికీ తయారవుతుంది. దాన్ని నమ్మి పప్పు, పాలు, గుడ్లు, గోధుమ అన్నీ మానేసి నీరసపడ్డ మనిషి కీళ్లను జబ్బు తన పాటికి తాను తినేస్తూనే ఉంటుంది. కీళ్లవాతంలో మొదటి కొన్ని నెలలే విలువైనవి. అప్పుడు మొదలుపెట్టిన చికిత్స ఎముకను కాపాడుతుంది. వంకర తిరిగిన వేలిని ఏ మందూ తిరిగి నిలబెట్టలేదు.

నొప్పి బిళ్లల విషయంలో ఎలర్జీ ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తపడాలి. ఉబ్బసం, ముక్కులో కండలు ఉన్న కొందరికి ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వేసుకున్న గంట రెండు గంటల్లో ఆయాసం ముంచుకొస్తుంది. దీర్ఘకాలం దద్దుర్లు ఉన్నవాళ్లలో కొందరికి ఇవే బిళ్లలు దద్దుర్లను రేపుతాయి. వీళ్లకు మామూలు మోతాదులో పారాసెటమాల్ చాలావరకు నయం. పేరు రాయని పొట్లాల్లో కట్టిచ్చే కీళ్లనొప్పుల మందులు రెండో రోజుకే అద్భుతంగా పనిచేస్తే వాటిలో స్టెరాయిడ్ కలిపారని అనుమానించాలి. ఎలర్జీ వాపూ, కీళ్లవాతం వాపూ రెండూ స్టెరాయిడ్‌కు లొంగుతాయి కాబట్టి జబ్బు ఏదో తెలిసే దారి కూడా మూసుకుపోతుంది.

ఇంట్లో చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. వాపు మొదలవుతోందని అనిపించగానే ఉంగరాలు తీసేయాలి. రాకపోతే చెయ్యి కాసేపు పైకెత్తి ఉంచి, సబ్బో నూనో రాసి మెల్లగా తిప్పాలి. వేడిగా ఉన్న వాపుకు గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు పెడితే హాయిగా ఉంటుంది, చల్లదనం తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్లకు తప్ప. పొద్దుటి బిగువుకు గోరువెచ్చని నీళ్లలో చేతులు ముంచి వేళ్లు మెల్లగా మూసి తెరవడం మేలు. తడిబట్టలు పిండటం, బరువు సంచులు వేళ్లకు తగిలించుకోవడం వాపు తగ్గేదాకా ఇంకొకరికి అప్పగించాలి. వాచిన రోజే ఫోనులో ఒక ఫోటో తీసి పెట్టుకుంటే, డాక్టరును కలిసేనాటికి వాపు తగ్గిపోయినా చూపించడానికి ఉంటుంది.

ఆరు వారాలు దాటిన వాపుకు రుమటాలజిస్టు దగ్గరికే వెళ్లాలి. ఈఎస్ఆర్, సీఆర్పీ, రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ పరీక్షలు చేయిస్తారు. ఇవి మామూలుగా వచ్చినంత మాత్రాన కీళ్లవాతం లేదని కాదు, డాక్టరు వేళ్లతో నొక్కి చూడటానికి సాటి లేదు. జబ్బు ఖాయమైతే ఎక్కువమందికి మొదట రాసేది మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లానికి పోటీగా తయారుచేసిన మందుల కుటుంబంలోది ఇది. క్యాన్సర్ కోసం పుట్టిన ఈ మందుల్లో ఒకటైన అమినోప్టెరిన్‌ను 1951లో రిచర్డ్ గుబ్నర్ కీళ్లవాతంలో వాడి చూశాడు. 1988లో అమెరికా ప్రభుత్వం మెథోట్రెక్సేట్‌ను ఈ జబ్బుకు ఆమోదించింది. దీన్ని కీళ్లవాతానికి వారానికి ఒక్కరోజే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తుంది. గర్భిణులు వాడకూడదు, వాడుతున్నంత కాలం రక్తపరీక్షలు తప్పవు. వారంలో ఏ రోజున వేసుకోవాలో మందు డబ్బా మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించుకోండి. డాక్టరు చెప్పిన మరో రోజున ఫోలిక్ ఆమ్లం బిళ్ల వేసుకోవడం మరవకండి.