దారి పొడవునా పాతిన కొలబద్ద

“ఆ ఊరెంత, రెండు క్రోసులే” అనేవాళ్ళు మన పెద్దలు. సంస్కృతంలో క్రోశమంటే కేక. కేక వినిపించేంత మేర క్రోసు. కానీ ఒక్కో గొంతుది ఒక్కో కేక. అలాంటి మాటను ఇటుకా సున్నంతో కట్టి, నేలలో నిలబెట్టినవే మొగలాయిల కాలపు కోస్ మీనార్లు.

ఆగ్రా నుంచి అజ్మీరు దాకా క్రోసుకొకటి కట్టమని 1575 ప్రాంతంలో అక్బరు ఆజ్ఞాపించాడని ఆయన ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాశాడు. 1619లో జహంగీరు ఆగ్రా–లాహోరు దారికీ ఆ ఏర్పాటే చేయించి, మూడు క్రోసులకో బావి తవ్వించమన్నాడు.

కట్టడం తేలికే, కొలవడమే కష్టం. అప్పటిదాకా నేలను కొలిచింది తాడుతో. తడిస్తే నారపోగులు ఉబ్బి, పురి బిగిసి తాడు పొట్టిదవుతుంది. ఎండితే మళ్ళీ సాగుతుంది. పొద్దున మంచులో ఒక లెక్క, మధ్యాహ్నం ఇంకో లెక్క! అక్బరు కొలువు ఆ తాడును పక్కన పెట్టి, వెదురు ముక్కలను ఇనుప కడియాలతో గొలుసులా కలిపింది. వెదురు తడికీ ఎండకూ పొడవు మారడం బహు స్వల్పం. పొలాల శిస్తు కోసం వచ్చిన మార్పే ఇది. అయినా కొలతంటే మారనిదై ఉండాలన్న పట్టుదల నాకు అందులో కనిపిస్తుంది. క్రోసునూ అక్బరు నాటి కొలతలో 5,000 ఇలాహీ గజాలుగా ఖాయం చేశారు. మన లెక్కలో సుమారు 4 కిలోమీటర్లు.

మీనారు ఎత్తు 30 అడుగుల దాకా ఉంటుంది. కింద ఎనిమిది పలకల దిమ్మె, పైన సన్నబడుతూ పోయే గుండ్రటి స్తంభం. బరువు కిందికే ఉండటంతో నిలకడ, ఎత్తు వల్ల పైరు మీదుగా దూరానికీ ఆనవాలు. మన మైలురాయి మీద ఉన్నట్టు ఊరి పేరూ అంకే దీని మీద ఉండవు. అది నిలబడ్డ చోటే అది చెప్పే సంగతి. అందుకే పక్కపక్క మీనార్ల నడుమ దూరం కొలిస్తే, పుస్తకంలో రాసిన క్రోసు నేల మీద ఎంతో తేలుతుంది. ఒక్కటి కూలితే ఆ కొలబద్దలో ఒక గీత చెరిగినట్టే. పెకలించి ఇంకోచోట పెట్టినా అంతే.

మిగిలినవాటిలో ఎన్నో హర్యానాలో ఉన్నాయి. కొన్ని పొలాల్లో, కొన్ని ఇళ్ళ మధ్య. ఒకటి ఢిల్లీ జంతు ప్రదర్శనశాల ఆవరణలోనే ఉంది. హర్యానాలోని పానిపట్టు, కర్నాలు మీదుగా వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారే మన ఆదిలాబాదు, హైదరాబాదు, కర్నూలు, అనంతపురాలనూ కలుపుతుంది. ఎప్పుడైనా అటు వెళ్తే కాసేపు బండి ఆపి, ఒక్క మీనారునైనా దగ్గర నుంచి చూడండి. పిల్లలుంటే వాళ్ళకు క్రోసంటే ఏమిటో అక్కడే చెప్పండి.