వ్రేలి స్పర్శకు పలుకు అద్దము

హైదరాబాదు నగరమునకు తూర్పున ఉప్పల్, నాచారము అను ప్రాంతములు కలవు. ఉదయవేళ ఉప్పల్ మెట్రో స్టేషనున నిలిచి చూచినచో, ప్రయాణికులు చేతనున్న ఫోను అద్దముపై వ్రేలిని నడుపుచు కనబడుదురు. ఒకరు టికెట్టును తెరచి చూపుదురు. ఒకరు ఇంటికి సందేశము వ్రాయుదురు. మరియొకరు మనుమరాలి చిత్రమును పెద్దది చేసి చూచుకొందురు. ఆ అద్దముపై మీటలు లేవు. అయినను అది వ్రేలి ఆజ్ఞను గ్రహించుచున్నది. ఇది యెట్లు సాధ్యమగుచున్నది?

ఇట్టి తెరను టచ్ స్క్రీన్ అందురు. ఇందు ముఖ్యముగా రెండు విధములు కలవు. మొదటిది ఒత్తిడివలన పనిచేయును. దీనియందు విద్యుత్తును ప్రసరింపజేయు రెండు పలుచని పొరలు నడుమ స్వల్పమైన ఎడముతో అమర్చబడి యుండును. పైపొరను నొక్కినపుడు అది క్రిందిపొరను తాకును. తాకిన చోటును యంత్రము లెక్కగట్టును. వ్రేలికి బదులు పుల్లతో నొక్కినను ఈ తెర పనిచేయును.

రెండవదానిని నొక్కవలసిన పనిలేదు, తాకిన చాలును. దీని అద్దముక్రింద కంటికి కనబడని విద్యుద్వాహకపు వల యుండును. మన దేహముకూడ విద్యుద్వాహకమే. కావున వ్రేలు తగిలినపుడు అచటి విద్యుత్ స్థితి కొంచెము మారును. ఫోను ఆ మార్పును సెకనుకు అనేక పర్యాయములు కొలుచుచు, వ్రేలు ఎచట నున్నదో, ఎటు కదలుచున్నదో తెలిసికొనును. రెండు వ్రేళ్ళను వేరువేరుగా గుర్తింపగలదు గనుకనే, వాటిని ఎడముగా జరిపినపుడు చిత్రము పెద్దదగుచున్నది. నాచారము పారిశ్రామికవాడలో దళసరి రబ్బరు తొడుగులు ధరించిన కార్మికుడు తాకినచో ఇట్టి తెర సాధారణముగా పలుకదు. వానచినుకులు పడినను తడబడును.

ఈ రెండవ విధపు తెరను గూర్చి ఇంగ్లండునందలి మాల్వర్న్ రాడార్ పరిశోధనాలయమునకు చెందిన ఇ. ఏ. జాన్సన్ 1965లో వ్యాసము ప్రకటించెను. విమానముల రాకపోకలను నియంత్రించువారికి తోడ్పడుట ఆయన ఉద్దేశము. 1994లో ఐ.బి.ఎం. సంస్థ రూపొందించిన సైమన్ అను టచ్ స్క్రీన్ ఫోను అమెరికాలో విక్రయమునకు వచ్చెను. 2007 జూన్ 29న ఆపిల్ సంస్థ ఐఫోనును అచట విక్రయమునకు తెచ్చెను. అది మనదేశమునకు 2008 ఆగస్టులో వచ్చెను. పిమ్మట మీటల ఫోనులు క్రమముగా వెనుకబడెను.

ఈ మార్పువలన మన భాషకొక మేలు కలిగెను. మీటపై ముద్రించిన గుర్తు మారదు. పన్నెండు మీటల ఫోనుపై మన అచ్చులు, హల్లులు, గుణింతములు, ఒత్తులు వ్రాయుట మిక్కిలి ప్రయాసము. అద్దముపై మీట యనగా ఒక బొమ్మ మాత్రమే. కోరిన క్షణమున అది తెలుగు అక్షరమై నిలుచును. అయితే అద్దము మారినంతనే అక్షరము రాలేదు. తొలినాళ్ళ ఫోనులు పెక్కింటిలో తెలుగునకు బదులు ఖాళీ గడులే కనబడెడివి. 1991నుండియే యూనికోడ్ పట్టికలో తెలుగు లిపికి స్థానమున్నను, దానిని తెరపై సరిగా కూర్చు ఏర్పాటు తరువాతనే సమకూరినది. 2018 ఫిబ్రవరిలో సైతము ‘జ్ఞా’ అను అక్షరపు ఒక కూర్పు ఎదురైనంతనే ఐఫోనులోని కొన్ని ప్రోగ్రాములు ఆగిపోయినవి. ఆ నెలలోనే సంస్థ దానిని సరిదిద్దెను.

మేలుతోపాటు ఒక నష్టమును కలిగెను. పాత ఫోనున 5 అంకెగల మీటపై చిన్న బొడిపె యుండెడిది. దానిని తడవి చూపులేనివారు మిగిలిన అంకెలను గుర్తించెడివారు. నున్నని అద్దముపై అట్టి ఆధారము లేదు. ఈ కొరతను తీర్చు మార్గము 2009లో ఐఫోనునందును, తరువాత ఆండ్రాయిడ్ ఫోనులయందును ఏర్పడెను. వ్రేలు తాకిన బొమ్మ పేరును ఫోను పైకి చదువును. అదియే కావలసినదైనచో మరల రెండుమార్లు తట్టవలెను. కంటికి బదులు చెవి దారి చూపుచున్నది.

ఒకే అద్దము కొందరికి ద్వారము, కొందరికి గోడ కావచ్చును. కావున నూతన యంత్రమును నిర్మించువారు, అది ఎవరికి అందుచున్నదో, ఎవరికి అందకున్నదో మొదటనే విచారింపవలెను.