జేబులో కెమెరా... కొందామా, బీరువా వెతుకుదామా?

బీరువాలో పట్టుచీరల కింద, పొలం కాగితాల పక్కన, చిన్న జిప్పు సంచీలో ఓ వెండిరంగు పెట్టె. పెద్దబ్బాయి అమెరికా నుంచి మొదటిసారి వచ్చినప్పుడు తెచ్చింది. అప్పట్లో దాన్ని ముట్టుకోవాలంటే చేతులు కడుక్కుని రావాల్సిందే! బాపట్ల జిల్లా అమృతలూరులోనే కాదు, అటు తెనాలి, ఇటు రేపల్లె వైపు పల్లెల్లోనూ పిల్లలు సముద్రాలు దాటి వెళ్లిన ఇళ్లలో వెతికితే ఇలాంటి పెట్టె ఒకటి బయటపడుతుంది. చేతిలోకి స్మార్ట్‌ఫోన్ వచ్చింది, పెట్టె సంగతి అందరూ మరిచిపోయారు.

ఇప్పుడు కాలేజీలో చదివే మనవరాలు దాన్నే అడుగుతోంది. ‘అమ్మమ్మా, మామయ్య తెచ్చిన ఆ డిజిటల్ కెమెరా ఇంకా ఉందా?’ అని. లేదంటే కొత్తది కొనిపెట్టమని నాన్న దగ్గర పేచీ. ‘చేతిలో అంత ఖరీదైన ఫోన్ ఉండగా మళ్లీ కెమెరా ఎందుకమ్మా?’ అంటాడు నాన్న. వేలల్లో ఖర్చు కాబట్టి ఆయన ప్రశ్నకే ముందు జవాబు చెప్పుకోవాలి.

ఒకప్పుడు ఈ చిన్న కెమెరాలది మామూలు జోరు కాదు. జపాన్ కెమెరా తయారీదారుల సంఘం ‘సీపా’ లెక్క ప్రకారం 2010లో లెన్స్ బిగించే ఉండే డిజిటల్ కెమెరాలు పది కోట్లకు పైగా ఫ్యాక్టరీలు దాటాయి. 2023 వచ్చేసరికి ఆ సంఖ్య పద్దెనిమిది లక్షలకు కూడా చేరలేదు. పని అయిపోయిందనుకున్నారంతా. చిత్రంగా 2024లో లెక్క మళ్లీ కాస్త పైకి లేచింది. ఆ పాత ఫ్లాష్ వెలుగు, ఆ రంగులు కుర్రకారుకి కొత్తగా అనిపించడమే కారణం. అదను చూసి కంపెనీలూ కదిలాయి. 2016లో వచ్చిన ఐక్సస్ 285 హెచ్ఎస్ మోడల్‌నే కెనన్ 2025లో చివర ‘ఏ’ అక్షరం తగిలించి మళ్లీ మార్కెట్లోకి దించింది. అమెరికాలో దాని ధర 380 డాలర్ల దాకా. తొమ్మిదేళ్ల నాటి సరుకుకి అంత ధరా అని ముక్కున వేలేసుకున్నవాళ్లూ ఉన్నారు.

పిక్సెళ్ల లెక్క వేరు, పల్లెం లెక్క వేరు

దుకాణంలో ముందు వినిపించే మాట ‘ఎన్ని మెగాపిక్సెళ్లు?’. నిజానికి ఆల్బమ్‌లో పెట్టుకునే 4×6 అంగుళాల ఫొటో చక్కగా రావాలంటే రెండు మెగాపిక్సెళ్లకు కాస్త పైన ఉంటే చాలు. అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్కేసుకోండి... 1200 ఇంటూ 1800, అంటే 21 లక్షల 60 వేలు. గోడకి తగిలించే 12×18 సైజు కావాలన్నా, అంగుళానికి 200 చుక్కల చొప్పున తొమ్మిది మెగాపిక్సెళ్ల లోపే సరిపోతుంది. ఇరవై ఏళ్ల కిందటి అయిదు మెగాపిక్సెళ్ల కెమెరాని చులకనగా చూడక్కర్లేదన్నమాట.

అసలు సంగతంతా వెలుగుని పట్టే సెన్సర్‌లో ఉంది. వానలో పళ్లెం పెడితే ఎంత వెడల్పుంటే అన్ని నీళ్లు పడతాయి కదా, ఇదీ అంతే. మామూలు జేబు కెమెరాల్లో ఉండే 1/2.3 అంగుళాల సెన్సర్ విస్తీర్ణం 28 చదరపు మిల్లీమీటర్లు. అంటే చిటికెన వేలి గోరు కన్నా చిన్నది! 2022లో వచ్చిన ఐఫోన్ 14 ప్రో ప్రధాన కెమెరా సెన్సర్ దీనికి రెండింతలకు పైనే ఉంటుంది. 2023 నాటి షియోమీ 13 ప్రో ఫోన్‌లోనైతే ఏకంగా ఒక అంగుళం సెన్సర్ పెట్టారు. (పేరుకే అంగుళం... కొలిస్తే 13.2 ఇంటూ 8.8 మిల్లీమీటర్లే. ఈ కొలతల పేర్లు ఎవరు పెట్టారోగానీ కొనేవాడిని తికమక పెట్టడానికే పుట్టాయి.) కాబట్టి ‘కెమెరా అంటే కెమెరానే, ఫోన్ కన్నా బొమ్మ బాగానే వస్తుంది’ అనుకుని చిన్న సెన్సర్‌ది కొంటే నిరాశ తప్పదు. ఈ మాట దుకాణంలో ఎవరూ చెప్పరు.

మరి కెమెరా ఎక్కడ నెగ్గుతుంది? కాగితం మీద లెక్కలు పక్కనపెట్టి, అమృతలూరులో ఒక రోజు దాన్ని జేబులో వేసుకుని తిరిగితే ఎలా ఉంటుందో చూద్దాం.

పొద్దున్నే అరుగు మీద నానమ్మ. పక్క నుంచి మెత్తటి వెలుగు. ఇక్కడ ఫోనూ, కెమెరా రెండూ పాసే. తేడా నానమ్మ ముఖంలో కనిపిస్తుంది. ఫోన్‌తో మరీ దగ్గరగా వెళ్లి తీస్తే ముక్కు పెద్దదిగా, చెవులు వెనక్కి పోయినట్టుగా వస్తుంది. కెమెరాతోనైతే నాలుగడుగులు వెనక్కి జరిగి, కాస్త జూమ్ చేసి తీయొచ్చు. ముఖం ఉన్నది ఉన్నట్టు ఉంటుంది. ఆవిడకీ బెరుకుండదు.

మధ్యాహ్నం పొలం. వరి కోతలయ్యాక మినుమో, మొక్కజొన్నో పచ్చగా ఉంటుంది. కెమెరాకి మొదటి దెబ్బ ఇక్కడే. చాలా జేబు కెమెరాలకు కన్ను పెట్టి చూసే కిటికీ ఉండదు. ఎండలో తెర మీద ఏమీ కనపడదు, అరచెయ్యి అడ్డుపెట్టి అందాజాగా నొక్కాల్సిందే. రెండో దెబ్బ తాతయ్య తెల్ల పంచె. చిన్న సెన్సర్‌కి అంత తెలుపు తట్టుకునే శక్తి లేదు, పంచె మడతలన్నీ మాయమై సున్నం కొట్టిన గోడలా వస్తుంది. ప్లస్-మైనస్ గుర్తున్న మీట నొక్కి వెలుగుని ఒక మెట్టు తగ్గిస్తే చాలావరకు దారికొస్తుంది. అయితే దూరంగా గట్టు మీద వాలిన కొంగ దగ్గర మాత్రం గెలుపు కెమెరాదే! పైన చెప్పిన కెనన్‌లో 12 రెట్లు దగ్గరగా చూపే ఆప్టికల్ జూమ్ ఉంది. అందులో లెన్సే ముందుకూ వెనక్కూ జరిగి బొమ్మని దగ్గరకు తెస్తుంది. చాలా ఫోన్లలో మనం వేళ్లతో లాగేది ఉన్న బొమ్మలో ముక్క కోసి పెద్దది చేయడమే. ‘16ఎక్స్ డిజిటల్ జూమ్’ అని అట్టపెట్టె మీద గొప్పగా రాసిన ఊరూపేరూ లేని చౌక కెమెరాలు చేసేదీ అదే పని. ఆన్‌లైన్‌లో 48, 64 మెగాపిక్సెళ్లంటూ కారుచౌకగా కనిపించేవాటిని నమ్మకపోవడమే మంచిది. చిన్న బొమ్మని సాగదీసి పెద్ద అంకె చూపిస్తాయి.

సాయంత్రం పిల్లల ఆట. ‘నొక్కేసరికి వాడు ఫ్రేములో లేడు’ అనేది పాత కెమెరాల మీద అందరి ఫిర్యాదు. దానికి చిట్కా ఉంది. మీటని సగం వరకు నొక్కి పట్టుకుంటే ఫోకస్ ముందే కుదురుతుంది, పిల్లాడు నవ్విన క్షణాన మిగతా సగం నొక్కడమే.

ఇక రాత్రి. మహాశివరాత్రికి ఈ మండలంలోని గోవాడ బాలకోటేశ్వరస్వామి తిరునాళ్లలో విద్యుత్ ప్రభలు వెలుగుతుంటే ఫొటో తీయని వాళ్లుండరు. దూరం నుంచి జూమ్ చేసి ప్రభని పట్టేద్దామనుకుంటే జేబు కెమెరా చేతులెత్తేస్తుంది. జూమ్ చేసేకొద్దీ లెన్స్ కంత చిన్నదై వెలుగు తగ్గుతుంది. చీకట్లో షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉండాల్సి రావడంతో చెయ్యి వణికి బొమ్మ అలుక్కుపోతుంది. ఫోన్ అయితే గబగబా నాలుగైదు ఫొటోలు తీసుకుని ఒకదానిలో ఒకటి కలిపేసి సర్దుకుంటుంది. రాత్రిపూట దూరపు ఫొటోకి ఫోనే మేలు. అదే ప్రభ ముందు నిలబడిన కుటుంబాన్ని తీయాలనుకోండి, మూడు మీటర్ల లోపు కెమెరా ఫ్లాష్‌కి సాటి లేదు. క్షణంలో వెయ్యో వంతు మెరుపులో కదిలే పిల్లాడైనా రాయిలా నిలిచిపోతాడు. ఫోన్‌లోని చిన్న ఎల్ఈడీ దీపానికి అంత సత్తువ లేదు. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. అందుకే పెళ్లి పందిట్లో వెనక వరుస నుంచి ఫ్లాష్ కొడితే ముందువాళ్ల వీపులు తప్ప వధూవరులు రారు.

ఖర్చు పెడితే...

రాత్రీ పగలూ రెండింటా ఫోన్‌కి దీటుగా నిలవాలంటే అంగుళం సెన్సర్ ఉన్న కెమెరాకి వెళ్లాలి. సోనీ ఆర్ఎక్స్100 వరుస 2012లో అలాగే మొదలైంది. మొదటిది 240 గ్రాములు, 20 మెగాపిక్సెళ్లు. 2018 నాటి ఆరో మోడల్‌లో జూమ్ ఎనిమిది రెట్లకు పెరిగింది. నిజంగా మంచి కెమెరాలివి. కానీ ధర చూస్తే నాన్న మాటే నిజమనిపిస్తుంది, మంచి ఫోన్ కన్నా ఎక్కువ. రోజువారీ ఫొటోల కోసమైతే అంత పెట్టడం దండగ. ఏటా దూరాలు తిరిగే వాళ్లకి, ఫొటో మీద నిజంగా మోజున్న పిల్లలకి సరే. చిన్న సెన్సర్ కొత్త కెమెరాని జూమ్ అవసరముంటేనే కొనాలి. కుర్రకారు ముచ్చట తీరడానికైతే బీరువాలోది చాలు.

బీరువాలోది తీసేటప్పుడు మాత్రం తొందరపడొద్దు. బ్యాటరీ ఉబ్బి ఉంటే దాన్ని చార్జింగ్‌కి పెట్టకూడదు. సముద్రగాలి తగిలే ఈ ప్రాంతంలో లెన్స్ లోపల బూజు పట్టే ప్రమాదం ఎక్కువ. వెలుగుకి ఎదురుగా పట్టి చూస్తే సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తాయి. పాత మోడళ్లలో 64 జీబీ కార్డు పెడితే ‘కార్డు ఎర్రర్’ అంటుంది, పాడైందని పారేయొద్దు. 2006కి ముందు వాటికి రెండు జీబీ లోపు ఎస్‌డీ కార్డు, ఆ తర్వాతి ఎస్‌డీహెచ్‌సీ రకాలకు 32 జీబీ దాకా సరిపోతుంది. ఎక్స్‌డీ కార్డు, సోనీ మెమరీ స్టిక్ వాడే కెమెరాలైతే కార్డుల కోసం సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో వెతుక్కోవాల్సిందే. తేదీ కూడా సరిచేసుకోవాలి, లేకపోతే నిన్న తీసిన ఫొటో 2005 జనవరి 1న తీసినట్టు చూపిస్తుంది.

అన్నిటికన్నా ముందు చేయాల్సింది ఇంకోటుంది. కెమెరా ఆన్ కాగానే ‘కార్డుని ఫార్మాట్ చేయాలా?’ అని అడగొచ్చు. మనవరాలు కంగారులో ‘ఎస్’ నొక్కేలోపే దాన్ని ఆపాలి. కార్డు బయటికి తీసి, రీడర్‌లో పెట్టి కంప్యూటర్‌లోకి ఎక్కించండి. మామయ్య వచ్చిన ఆ వేసవిలో తీసినవన్నీ అందులోనే ఉండొచ్చు. అదే అరుగు మీద, చేతికర్ర పక్కన పెట్టుకుని కూర్చున్న తాతయ్య కూడా. వాట్సాప్‌లో అమెరికాకి పంపాలంటే మామూలు ఫొటోలా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే సైజు తగ్గకుండా వెళ్తుంది. ఆ తర్వాత మంచివి ఓ పది ఏరి, ఈసారి తెనాలి వెళ్లినప్పుడు 4×6లో ప్రింట్లు వేయించుకు రావచ్చు.