ఆంగ్లక్రియానామమునకు ముందు క్రియావిశేషణము

ఆంగ్లమున "ఇంగ్" అంతమందుఁ గలిగి నామమువలె వర్తించు క్రియారూపమునకు జెరండు అని పేరు. దానికి ముందు ప్రిపొజిషను వచ్చినపుడు, ఆ రెంటినడుమఁ గ్రియావిశేషణమును నిలుపవచ్చునా యని మన విద్యార్థులు సందేహింతురు. ప్రిపొజిషను నామమును గోరును. నామమునకు విశేషణమే తగును. కావునఁ గ్రియావిశేషణము దోషమని వారి యూహ. ఇది సగము మాత్రమే సత్యము. తక్కిన సగమును దెలుఁగు వ్యాకరణమే చూపఁగలదు.

చిన్నయసూరి 1858లో వెలువడిన బాలవ్యాకరణమున ధాతువుపైఁ జేరు "ట"వర్ణకమును భావార్థమునఁ జెప్పెను. ఎక్కుట, చూచుట మొదలగునవి యట్టివి. ఇవి బయటికి నామములు; ఎక్కుటచేత, ఎక్కుటకు, ఎక్కుటవలన నని విభక్తులఁ బొందును. లోపల మాత్రము క్రియలే. "మౌలాలిగుట్టను మెల్లగా నెక్కుటచేత నలసట తెలియదు" అను వాక్యమును జూడుఁడు. "గుట్టను" అను ద్వితీయాంతమును, "మెల్లగా" అను క్రియావిశేషణమును ఎక్కుటలోని క్రియాంశము నాశ్రయించినవి; "చేత" యను విభక్తి నామాంశము నాశ్రయించినది. "మెల్లని యెక్కుట" యని యెవ్వరు ననరు. శుద్ధనామమైన "ఆరోహణము" వచ్చినచో "గుట్టయొక్క మెల్లని యారోహణము" అని సర్వమును మాఱును.

ఆంగ్లమునను మర్యాద యిదియే. "బై స్లోలీ క్లైంబింగ్ ది హిల్" అనుట సాధువు. "హిల్" నేరుగాఁ గర్మమగుటచే "క్లైంబింగ్" తన క్రియాస్వభావమును విడువలేదు. "బై ది స్లో క్లైంబింగ్ ఆఫ్ ది హిల్" అనుటయు సాధువే. ముందు "ది", వెనుక "ఆఫ్" చేరి దానిని శుద్ధనామముగాఁ జేసినవి. ఈ రెంటిని గలగలిపి "బై ది స్లోలీ క్లైంబింగ్ ఆఫ్ ది హిల్" అనినను, "బై స్లో క్లైంబింగ్ ది హిల్" అనినను దోషము. కర్మము లేనిచో "బై స్లో క్లైంబింగ్", "బై క్లైంబింగ్ స్లోలీ" అను రెండును జెల్లును.

క్రియావిశేషణమును గర్మమునకుఁ దరువాతను నిలుపవచ్చును. కాని యొకానొకచో నర్థము చెడును. "బై వాచింగ్ దోజ్ హూ క్లైంబ్డ్ కేర్‌ఫుల్లీ" అనినచో శ్రద్ధ చూచువారిదా, ఎక్కువారిదా? "బై కేర్‌ఫుల్లీ వాచింగ్ దోజ్ హూ క్లైంబ్డ్" అనినచో సంశయము లేదు. ఇట్టిచోట్లఁ బూర్వస్థానము దోషము గామియే కాదు, ఆవశ్యకమును. ఇఁక వ్యతిరేకార్థమున "నాట్" అనునది "బై నాట్ క్లైంబింగ్" అని ముందే నిలుచును. తెలుఁగున నీ యర్థమును "ఎక్కమిచేత" యని వ్యతిరేకభావార్థకమే చెప్పును.

మనవారి సందేహమునకు వేఱొక కారణము గలదు. తెలుఁగున విభక్తి పదమునకు వెనుక నంటియుండును. నడుమ నేదియుఁ జొరదు. ఆంగ్లమునఁ బ్రిపొజిషను ముందుండుటచే విశేషణమైనను గ్రియావిశేషణమైనను నడుమఁ బడక తప్పదు. ఎడము గలుగుట దోషము గాదు; ఏ యంశమున కేది విశేషణమో యెఱుఁగకుండుటయే దోషము.

తార్నాకయందలి యాంగ్ల, విదేశీభాషా విశ్వవిద్యాలయము 1958లోఁ గేంద్రాంగ్లభాషాసంస్థగా వెలసి, 2007లోఁ గేంద్రవిశ్వవిద్యాలయమైనది. అట్టిచోటికి ఆంగ్లము నేర్వఁబోవు తెలుఁగు విద్యార్థి బాలవ్యాకరణమును గుమ్మముకడ విడిచి పోనక్కఱలేదు.