పళ్ల సెట్టు క్లిప్పును ఫ్లోరైడ్ తినేస్తుందా?



మా సంఘం వైద్య శిబిరాలకు వచ్చే పెద్దలు తరచూ అడిగే మాట ఇది: "మిగిలిన పళ్లకు ఫ్లోరైడ్ పూస్తామంటున్నారు. నా సెట్టుకున్న క్లిప్పు పాడైపోదా బేటా?" ఆ భయంతో కొందరు పూత వద్దని వెళ్లిపోతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు.

తీసి పెట్టుకునే సెట్లలో క్లిప్పు స్టెయిన్‌లెస్ స్టీలు తీగతో గానీ, కోబాల్ట్-క్రోమియంతో గానీ, కొన్నింటిలో టైటానియంతో గానీ ఉంటుంది. ఈ లోహాలను కాపాడేది వాటిపై తనంతట తానే ఏర్పడే కంటికి కనిపించని సన్నని ఆక్సైడ్ పొర. ఫ్లోరైడ్‌కు ఆమ్లం తోడైతే ఆ పొర కరుగుతుంది. అందరికంటే ముందు లొంగేది టైటానియం. పొర పోయిన చోట లోహం మెరుపు తగ్గి గరుకవుతుంది, పాచి పడుతుంది. రోజూ పెట్టి తీసే క్లిప్పు అలాంటి గరుకు చోటే పగిలే ప్రమాదం ఉంది.

అయితే అన్ని ఫ్లోరైడ్‌లూ ఒకటి కావు. టూత్‌పేస్టులో సుమారు 1,000 పీపీఎం ఉంటుంది. దంత వైద్యులు వాడే ఒక రకం ఆమ్ల జెల్‌లో 12,300 పీపీఎం ఉంటుంది, పులుపూ ఎక్కువే. జాగ్రత్త పడాల్సింది దీనితోనే. పంటి గుంటలో నింపే గ్లాస్ అయానమర్ సిమెంటు మొదటి రోజుల్లో కాస్త ఎక్కువగా, తర్వాత కొద్దికొద్దిగా ఫ్లోరైడ్ వదులుతుంది. ఆ కొద్దిపాటి మోతాదుకు క్లిప్పు గురించి బెంగపడి వైద్యం మానుకోనక్కరలేదు.

నల్లగొండ నీళ్ల కష్టం తెలిసినవారికి ఫ్లోరైడ్ పేరు వింటేనే జంకు. అది ఏళ్ల తరబడి తాగి ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ చేసిన కీడు. ఇది పంటిపై పూసి ఉమ్మేసేది. పూత మానేస్తే ఏమవుతుంది? క్లిప్పు పట్టుకున్న పంటి చుట్టూ పాచి చేరి పన్ను పుచ్చుతుంది. ఆ పన్ను పోతే సెట్టుకు ఆధారమే ఉండదు. క్లిప్పు విరిగితే మార్చుకోవచ్చు, పన్ను మళ్లీ రాదు.

కాబట్టి జెల్ గానీ వార్నిష్ గానీ పూయించుకునే ముందు సెట్టు తీసేయండి. మీ క్లిప్పు ఏ లోహమో డాక్టరుకు చెప్పండి. టైటానియం అయితే ఆమ్లం లేని జెల్ అడగండి. పూత తర్వాత సెట్టు ఎప్పుడు పెట్టుకోవాలో కూడా అడిగి తెలుసుకోండి. సెట్టును పేస్టుతో కాక మెత్తని బ్రష్షు, సబ్బు నీళ్లతో తోమండి. బ్లీచింగ్ నీళ్లలో వేయకండి, లోహం తింటుంది. వుజూలో పుక్కిలించేటప్పుడు సెట్టు తీసి కడిగితే రోజుకు ఐదుసార్లు అదీ, నోరూ శుభ్రపడతాయి. రాత్రి తీసి నీళ్లలో ఉంచండి. క్లిప్పు గరుకుగా గానీ వదులుగా గానీ అనిపిస్తే ఆలస్యం చేయకుండా చూపించండి.

మన శరీరం అల్లాహ్ మనకిచ్చిన అమానత్. మిగిలిన నాలుగు పళ్లూ అందులో భాగమే. భయంతో వాటిని పోగొట్టుకోవద్దని మా మనవి.